పైథాన్‌లో లోపల ఫైళ్లున్న ఫోల్డర్‌ను భద్రంగా తొలగించడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. పాత తెలుగు పత్రికల సంచికలను స్కాన్ చేసి, పుటలను శుభ్రపరచి, పీడీఎఫ్‌లుగా తయారుచేసే ఒక బృందానికి నేను సర్వర్ పనులు చూస్తున్నాను. ప్రతి సంచికకూ ఒక పని ఫోల్డర్ ఏర్పడుతుంది. శుభ్రపరచిన టిఫ్ చిత్రాలు, ఓసీఆర్ (చిత్రంలోని అక్షరాలను పాఠంగా మార్చే ప్రక్రియ) పాఠాలు, లాగ్ ఫైళ్లు అందులోని ఉప ఫోల్డర్లలో చేరుతూ ఉంటాయి. అసలు స్కాన్లు మాత్రం వేరే డిస్కులో ఉంటాయి. పని ఫోల్డర్‌లో వాటికి సింబాలిక్ లింకులు, అంటే అసలు ఫైలు ఉన్న చోటును చూపే గుర్తులు, మాత్రమే పెడతాం. పీడీఎఫ్ ఆమోదం పొందిన 30 రోజుల తరువాత ఆ సంచిక పని ఫోల్డర్‌ను మొత్తంగా తొలగించే స్క్రిప్టును పైథాన్‌లో రాస్తున్నాను. అది ప్రతి రాత్రీ క్రాన్ (నిర్ణీత సమయానికి పనులను నడిపే సదుపాయం) ద్వారా దానంతటదే నడవాలి. సర్వర్‌లో ఉబుంటు, పైథాన్ 3.12 ఉన్నాయి.

ఓఎస్ మాడ్యూల్‌లోని రిమూవ్ ఫంక్షన్‌కు ఫోల్డర్ పేరు ఇస్తే, ఇది ఫైలు కాదు, డైరెక్టరీ అని ఎర్రర్ వస్తోంది. అదే మాడ్యూల్‌లోని ఆర్‌ఎమ్‌డిర్ వాడితే డైరెక్టరీ ఖాళీగా లేదని వస్తోంది. షుటిల్ మాడ్యూల్‌లోని ఆర్‌ఎమ్‌ట్రీ మాత్రం పరీక్ష కోసం చేసిన ఫోల్డర్‌ను, దాని లోపలి ఫైళ్లతో సహా, ఒక్క వరుసతో తొలగించింది. అంత సులువుగా పోవడమే నన్ను ఆలోచనలో పడేసింది. ఈ ఫంక్షన్ సింబాలిక్ లింకుల వెంట వెళ్లి అసలు స్కాన్లను కూడా తొలగించే ప్రమాదం ఉందా? ఆ స్కాన్లలో కొన్నింటి మూల ప్రతులు ఇప్పుడు ఎక్కడా దొరకవు.

ఇంకొక సంగతి. ఫోల్డర్ల పేర్లు డేటాబేస్ నుంచి వస్తాయి. పాత నమోదులలో కొన్నిచోట్ల ఆ గడి ఖాళీగా ఉంది. తొలగించేటప్పుడు కొన్ని ఫోల్డర్లకు అనుమతి లేదన్న ఎర్రర్ కూడా వస్తోంది. ఇగ్నోర్_ఎర్రర్స్ అనే ఐచ్ఛికాన్ని ట్రూ చేస్తే ఆ ఎర్రర్లు కనబడవని ఒకచోట చదివాను. అలా చేయవచ్చా? అనుభవం ఉన్నవారు వివరించగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం

నమస్కారమండీ. మీ ముఖ్యమైన భయానికి ముందుగా జవాబు చెబుతాను. తొలగించే ఫోల్డర్ లోపల ఉన్న సింబాలిక్ లింకుల వెంట ఆర్‌ఎమ్‌ట్రీ వెళ్లదు. లింకును లింకుగానే గుర్తించి, ఆ లింకును మాత్రం తీసేస్తుంది. లింకు చూపే ఫైలుకు గానీ ఫోల్డర్‌కు గానీ ఏమీ కాదు. నడుస్తుండగా మధ్యలో ఎవరైనా ఒక ఫోల్డర్‌ను తీసి, దాని చోట లింకు పెట్టి మోసగించే దాడిని కూడా పైథాన్ 3.3 నుంచి లినక్స్ వంటి వ్యవస్థల మీద ఇది తట్టుకుంటుంది. అందువల్ల మీ పని ఫోల్డర్‌లోని లింకుల ద్వారా అసలు స్కాన్లకు హాని జరగదు.

అయితే ఇక్కడ ఒక గొయ్యి ఉంది, చాలామంది తెలియక అందులో పడతారు. ఆర్‌ఎమ్‌ట్రీకి మీరు ఇచ్చిన దారి తానే ఒక సింబాలిక్ లింకు అయితే, అది పని చేయడానికి నిరాకరించి ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్‌ను వదిలించుకోవడానికి, దారిని ముందుగా రిజాల్వ్ లేదా రియల్‌పాత్ చేసి ఇవ్వమని ఇంటర్నెట్‌లో సలహాలు కనబడతాయి. అలా చేస్తే లింకు కాస్తా అసలు ఫోల్డర్ చిరునామాగా మారిపోతుంది, ఆర్‌ఎమ్‌ట్రీకి అది మామూలు ఫోల్డర్‌గానే కనబడుతుంది, ఏ అసలు స్కాన్ల కోసం మీరు భయపడుతున్నారో అవే పోతాయి. కాబట్టి దారిని రిజాల్వ్ చేసే ముందే ఈజ్_సిమ్‌లింక్‌తో పరీక్షించి, లింకు అయితే ఆ ఫోల్డర్‌ను ముట్టుకోకుండా లాగ్‌లో రాసి వదిలేయండి.

రెండవ గొయ్యి మౌంట్లది. లింకుకు బదులు, వేరే డిస్కును లేదా ఫోల్డర్‌ను పని ఫోల్డర్ లోపలికి బైండ్ మౌంట్ చేసి, అంటే అక్కడే ఉన్న మామూలు ఫోల్డర్‌లా కనబడేలా తగిలించి, ఉంటే ఆర్‌ఎమ్‌ట్రీకి ఆ తేడా తెలియదు. లోపలికి దిగి అన్నింటినీ తొలగించి, చివరికి మౌంట్ చేసిన ఫోల్డర్‌ను తీయబోయినప్పుడు మాత్రమే ఆ పరికరం వాడుకలో ఉందన్న ఎర్రర్ ఇస్తుంది. అప్పటికి లోపలివన్నీ పోయి ఉంటాయి. టెర్మినల్‌లోని ఆర్‌ఎమ్ ఆదేశానికి ఒకే ఫైల్ సిస్టమ్‌కు పరిమితమయ్యే ఐచ్ఛికం ఉంది గానీ, ఆర్‌ఎమ్‌ట్రీకి అటువంటిది లేదు. మీ వద్ద కంటైనర్లు (ప్రోగ్రాములను విడిగా, తమ సొంత పరిసరాలతో నడిపే పెట్టెలు) నడుస్తుంటే ఇది ఊహాజనితమైన ప్రమాదం కాదు. తొలగించే ముందు ఓఎస్.వాక్‌తో ఉప ఫోల్డర్లన్నింటినీ ఒకసారి చుట్టి, ఏదైనా ఫోల్డర్ పరికర సంఖ్య, అంటే స్టాట్ ఇచ్చే ఎస్‌టీ_డెవ్ విలువ, మూల ఫోల్డర్ విలువతో కలవకపోతే ఆగిపోయేలా రాయండి. బైండ్ మౌంట్ అదే డిస్కులోని ఫోల్డర్‌కు చేసినదైతే ఈ సంఖ్య కూడా మారదు. కనుక నడుస్తున్న మౌంట్ల జాబితా ఉండే ప్రోక్ ఫైలును కూడా చదివి, అందులో మీ పని ఫోల్డర్ కిందికి వచ్చే దారి ఏదీ లేదని నిర్ధారించుకోవడం మంచిది.

రిమూవ్, ఆర్‌ఎమ్‌డిర్‌ల విషయంలో మీకు వచ్చిన ఎర్రర్లు సహజమైనవే. రిమూవ్ ఫైళ్లకు, ఆర్‌ఎమ్‌డిర్ ఖాళీ డైరెక్టరీలకు. పాత్‌లిబ్‌లోని అన్‌లింక్ కూడా రిమూవ్ చేసే పనే చేస్తుంది.

రెండవ సమాధానం

లింకుల గురించి పైన చెప్పినదంతా నిజం. అయితే మీ ప్రశ్నలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది, డేటాబేస్‌లో ఖాళీగా ఉన్న ఆ గడి.

మీ మూల ఫోల్డర్ పేరు "పని" అనుకుందాం. డేటాబేస్ నుంచి వచ్చిన పేరును ఓఎస్.పాత్.జాయిన్‌తో దానికి కలుపుతున్నారు. ఆ గడిలో నల్ ఉంటే అది పైథాన్‌లో నన్‌గా వస్తుంది. జాయిన్ వెంటనే టైప్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అది మీ అదృష్టం. గడిలో ఖాళీ స్ట్రింగ్ ఉంటే మాత్రం ఏ ఎర్రరూ రాదు. ఫలితం "పని" ఫోల్డరే, చివర ఒక ఏటవాలు గీతతో (స్లాష్). పాత్‌లిబ్‌లో గీత గుర్తుతో కలిపినా ఇదే ఫలితం. దానిని ఆర్‌ఎమ్‌ట్రీకి ఇస్తే ఒక సంచిక కాదు, అన్ని సంచికల పని ఫోల్డర్లూ ఆ ఒక్క రాత్రిలోనే పోతాయి. వచ్చిన పేరు గీతతో మొదలైతే జాయిన్ అంతకుముందున్న మూల ఫోల్డర్‌ను పూర్తిగా విస్మరించి, ఆ రెండవదానినే పూర్తి దారిగా తీసుకుంటుంది. పేరులో రెండు చుక్కలు ఉంటే ఒక మెట్టు పైకి వెళ్తుంది. ఇవేవీ పైథాన్ దోషాలు కావు. పత్రాలలో స్పష్టంగా రాసి ఉన్న ప్రవర్తనే.

ఇలా ఒక్కొక్క చెడ్డ పేరునూ ఊహించి పరీక్షలు పెట్టడం కంటే, దారిని కట్టే పద్ధతినే మానేయమని నా సలహా. ఓఎస్.స్కాన్‌డిర్‌తో మూల ఫోల్డర్‌లో నిజంగా ఉన్న ఫోల్డర్ల జాబితా తీసుకోండి. డేటాబేస్ నుంచి, తొలగించవలసిన సంచికల పేర్లను ఒక సెట్‌గా తీసుకోండి. జాబితాలోని ఒక్కొక్క ఫోల్డర్ పేరు ఆ సెట్‌లో ఉందో లేదో చూసి, ఉన్నవాటినే తొలగించండి. దారి కోసం స్కాన్‌డిర్ ఇచ్చినదానినే వాడండి. స్కాన్‌డిర్ జాబితాలో ఖాళీ పేరు ఎన్నడూ రాదు, ఒక చుక్క, రెండు చుక్కలు రావు, గీత ఉన్న పేరు అసలు ఉండదు. డేటాబేస్‌లో ఎంత చెత్త ఉన్నా, అది ఉన్న ఫోల్డర్లలో దేనితోనూ కలవదు గనుక ఏదీ పోదు. మూల ఫోల్డర్ దారిని కూడా పర్యావరణ వేరియబుల్ నుంచి తీసుకోకుండా, స్క్రిప్టులోనే పూర్తి దారిగా రాయండి.

ఖాళీ వేరియబుల్ ఎంత పని చేయగలదో చెప్పడానికి, అందరికీ తెలిసిన ఒక ఉదంతం ఉంది. 2021 డిసెంబరులో క్యోటో విశ్వవిద్యాలయపు సూపర్ కంప్యూటర్ నిల్వ నుంచి సుమారు 77 టెరాబైట్ల పరిశోధన సమాచారం, దాదాపు 3.4 కోట్ల ఫైళ్లు, పొరపాటున తొలగిపోయాయి. 14 పరిశోధన బృందాలకు నష్టం జరిగింది. ఆ పని చేసినది బ్యాకప్ స్క్రిప్టు. పాత లాగ్ ఫైళ్లను ఫైండ్ ఆదేశంతో తొలగించడం దాని పనులలో ఒకటి. స్క్రిప్టు నడుస్తుండగానే దాని కొత్త రూపాన్ని అదే ఫైలు మీద రాశారు. స్క్రిప్టును నడిపే బ్యాష్ షెల్ దానిని మొత్తంగా ముందే చదువుకోదు, నడుస్తూ ముందుకు చదువుతూ పోతుంది. అందువల్ల మధ్యలో కొత్త రూపంలోకి దూకింది; అక్కడ వాడిన వేరియబుల్‌కు విలువ ఇచ్చిన వరుస మాత్రం నడవనే లేదు. లాగ్ ఫోల్డర్ దారి ఉండవలసిన చోట ఏమీ లేకపోయేసరికి తొలగింపు మొత్తం నిల్వ మీద సాగింది. పైథాన్ స్క్రిప్టు ఫైలును ముందే పూర్తిగా చదువుకుంటుంది, నిర్వచించని పేరు తగిలితే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. కనుక సరిగ్గా ఇదే ప్రమాదం మీకు రాకపోవచ్చు. క్రాన్ నుంచి పిలిచే చిన్న షెల్ స్క్రిప్టు మధ్యలో ఉంటే మాత్రం, దాని మొదట్లో సెట్ ఆదేశానికి "యు" ఐచ్ఛికం ఇచ్చి, నిర్వచించని వేరియబుల్ దగ్గర ఆగేలా చేయండి. కొత్త రూపాన్ని వేరే పేరుతో రాసి, తరువాత పేరు మార్చి పాతదాని స్థానంలో పెట్టండి.

ప్రశ్న అడిగినవారి వ్యాఖ్య

ఇద్దరికీ ధన్యవాదాలు. జాబితా నుంచి ఎంచుకునే పద్ధతికి మార్చాను, ఖాళీ గడుల బెడద పోయింది. కానీ కొత్తగా ఒకటి గమనించాను. డేటాబేస్‌లో ఉన్న కొన్ని పేర్లు డిస్కులోని ఫోల్డర్లతో కలవడం లేదు. చూడటానికి రెండు పేర్లూ అక్షరం అక్షరం ఒకేలా ఉన్నాయి. మా ఫోల్డర్లలో చాలావరకు తెలుగు పేర్లే. పాత స్క్రిప్టులో అన్‌లింక్‌కు మిస్సింగ్_ఓకే ట్రూ అని ఇచ్చి ఉండేది, ఆర్‌ఎమ్‌ట్రీకి ఇగ్నోర్_ఎర్రర్స్ ఉండేది. బహుశా అందుకే ఇంతకాలం ఇది ఎవరి కంటా పడలేదు.

మూడవ సమాధానం

మీ ఊహ సరైనదే. పేరులోని కనబడని అక్షరాల వల్ల ఇలా జరుగుతుంది. తెలుగులో పొల్లు అక్షరం తరువాత వచ్చే హల్లు దానికి వత్తుగా మారకుండా ఉండటానికి జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని అక్షరాన్ని పెడతాం. "ప్రెస్‌నోట్" అనే ఫోల్డర్ పేరులో "స్" తరువాత అది ఉంటుంది. లేకపోతే "నో" అనేది "స" కింద వత్తుగా పోతుంది. ఇది పదం మధ్యలో ఉంటే కంటికి తెలుస్తుంది. పదం చివర, "ఎడిషన్" వంటి మాటలో "న్" తరువాత అది ఉన్నా లేకున్నా తెర మీద ఒకేలా కనబడుతుంది. కొన్ని కీబోర్డులు దానిని తమంతట తామే చేరుస్తాయి, కొన్ని చేర్చవు. లినక్స్ ఫైల్ సిస్టమ్‌కు పేరు అంటే బైట్ల వరుస మాత్రమే. కనబడని ఆ మూడు బైట్లు ఉన్న పేరు, లేని పేరు దానికి రెండు వేరు వేరు పేర్లు. ఐత్వం గుర్తుకు కూడా ఇటువంటి చిక్కే ఉంది. యూనికోడ్‌లో దానిని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం గుర్తు, దాని కింద ఐత్వపు పొడవు గుర్తు అని రెండు సంకేతాలుగానూ రాయవచ్చు.

పోల్చేటప్పుడు మాత్రం రెండువైపుల పేర్లనూ యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో ఎన్ఎఫ్‌సీ రూపానికి (వేరు వేరుగా రాసిన ఒకే అక్షరాన్ని ఒకే సంకేత వరుసకు తెచ్చే ప్రామాణిక రూపం) తెచ్చి, ఆ కనబడని అక్షరాన్ని తీసేసి పోల్చండి. తొలగించేటప్పుడు స్కాన్‌డిర్ ఇచ్చిన అసలు దారినే వాడండి, సరిచేసిన పేరును వాడవద్దు. ఇలా సరిచేశాక రెండు వేరు వేరు ఫోల్డర్లు ఒకే పేరుగా తేలితే, రెండింటినీ ముట్టుకోకుండా మనిషి చూసి నిర్ణయించేలా లాగ్‌లో రాయాలి. ఈ జాగ్రత్త తప్పనిసరి. ఎందుకంటే ఆ రెండింటిలో ఒకటి ఎవరో ఇంకా పని చేస్తున్న ఫోల్డర్ కావచ్చు.

మిస్సింగ్_ఓకే పైథాన్ 3.8లో వచ్చిన సదుపాయం. తాత్కాలిక ఫైలు ఉన్నా లేకున్నా ఫరవాలేదన్న చోట అది ఉపయోగమే. మీ వంటి పనిలో, ఉండవలసిన ఫైలు లేకపోవడమన్నది తెలుసుకోవలసిన వార్త. ఇగ్నోర్_ఎర్రర్స్ గురించి ఇంతకంటే గట్టిగా చెబుతాను: దానిని తీసేయండి. అది ఉంటే ఫోల్డర్ సగం తొలగి సగం మిగిలినా, అసలేమీ తొలగకపోయినా, స్క్రిప్టు మాత్రం పని పూర్తయినట్టే ముగుస్తుంది. దాని బదులు ఆన్‌ఎక్స్‌సీ అనే ఐచ్ఛికానికి మీ సొంత ఫంక్షన్‌ను ఇవ్వండి. ఏ క్రియ విఫలమైంది, ఏ దారి దగ్గర, ఏ ఎర్రర్ అన్న మూడు విషయాలూ దానికి అందుతాయి. వాటిని లాగ్‌లో రాయించండి. పాత ఉదాహరణలలో కనబడే ఆన్‌ఎర్రర్‌ను పైథాన్ 3.12 నుంచి వాడవద్దంటున్నారు.

ఇక అనుమతి ఎర్రర్. ఫైలును తొలగించడానికి ఆ ఫైలు మీద అనుమతి కాదు, అది ఉన్న డైరెక్టరీ మీద రాసే అనుమతి, లోపలికి వెళ్లే అనుమతి ఉండాలి. తొలగించడమంటే డైరెక్టరీ పట్టికలోని ఒక వరుసను కొట్టివేయడమే గనుక ఇలా ఉంటుంది. అందుకే చదవడానికి మాత్రమే ఉన్న ఫైలును కూడా లినక్స్‌లో తొలగించగలుగుతాం, అదే విండోస్‌లో కుదరదు. మీ దగ్గర విఫలమవుతున్న ఫోల్డర్లను ఎల్ఎస్ ఆదేశంతో చూడండి. ఓసీఆర్ పనిని డాకర్ కంటైనర్‌లో నడుపుతుంటే, అది రూట్, అంటే అన్ని అనుమతులూ ఉన్న నిర్వాహక ఖాతా, పేరిట నడిచి, తన ఫలితాల ఫోల్డర్‌ను రూట్ పేరిటే సృష్టించి ఉంటుంది; ఇది చాలా తరచుగా కనబడే కారణం. అలాగని తొలగింపు స్క్రిప్టును రూట్‌గా నడపవద్దు. కంటైనర్‌నే మీ పని ఖాతా పేరిట నడపండి, ఇప్పటికే ఉన్న ఫోల్డర్ల యాజమాన్యాన్ని ఒక్కసారి మార్చండి. రాత్రిపూట దానంతటదే నడిచే తొలగింపుకు, పని ఫోల్డర్ తప్ప వేరే దేని మీదా రాసే అనుమతి లేని ఖాతాను కేటాయించడం అన్నిటికంటే బలమైన రక్షణ. స్కాన్ల డిస్కు మీద ఆ ఖాతాకు చదివే అనుమతి మాత్రమే ఉంటే, స్క్రిప్టులో ఎంత తప్పు ఉన్నా అక్కడి నుంచి ఒక్క ఫైలు కూడా పోదు.

రెండవ సమాధానమిచ్చినవారి వ్యాఖ్య

పై సమాధానానికి ఒక మాట చేర్చాలి. ఆర్‌ఎమ్‌ట్రీ చేసే పని మధ్యలో ఆగితే సగం ఫోల్డర్ మిగిలిపోతుంది, వెనక్కి తేవడానికి వీలుండదు. అందుచేత నేరుగా తొలగించకుండా, ముందు ఆ ఫోల్డర్‌ను అదే డిస్కులోని మరొక ఫోల్డర్ కిందికి ఓఎస్.రీనేమ్‌తో తరలించండి. ఒకే ఫైల్ సిస్టమ్‌లో పేరు మార్చడం ఎంత పెద్ద ఫోల్డర్‌కైనా ఒక్క క్షణంలో, పూర్తిగా జరుగుతుంది లేదా అసలు జరగదు. వేరే డిస్కుకైతే ఎర్రర్ వస్తుంది. అప్పుడు షుటిల్‌లోని మూవ్ వాడితే అది మొత్తం కాపీ చేసి, తరువాత అసలును తొలగిస్తుంది, అది మనకు కావలసిన పని కాదు. తరలించేటప్పుడు పేరు చివర ఆనాటి తేదీని చేర్చండి. వారం గడిచాక, ఆ తేదీని చూసి, అక్కడి నుంచి ఆర్‌ఎమ్‌ట్రీ చేయండి. ఈలోగా ఎవరైనా తమ ఫోల్డర్ కనబడలేదని అడిగితే పేరు మార్చి తిరిగి ఇచ్చేయవచ్చు. ఆ వారమంతా డిస్కులో స్థలం మాత్రం ఖాళీ కాదు, దానికి తగినట్టు చూసుకోవాలి.

ప్రశ్న అడిగినవారి వ్యాఖ్య

కంటైనర్ గురించి మీరన్నది నిజమే, విఫలమైన ఫోల్డర్లన్నీ రూట్ పేరిటే ఉన్నాయి. రెండు చిన్న ప్రశ్నలు మిగిలాయి. 30 రోజుల లెక్కకు ఫోల్డర్ చివరిసారి మారిన సమయాన్ని, అంటే ఎమ్‌టైమ్‌ను, ఆధారంగా తీసుకోవచ్చా? అలాగే నిన్న పరీక్షగా కొన్ని పెద్ద ఫోల్డర్లను తొలగించాను. డీయూ ఆదేశం వాడిన స్థలం తగ్గినట్టు చూపుతోంది, డీఎఫ్ మాత్రం పాత అంకెనే చూపుతోంది. ఎందువల్ల?

మూడవ సమాధానమిచ్చినవారి వ్యాఖ్య

ఎమ్‌టైమ్‌ను నమ్మవద్దు. ఫోల్డర్ ఎమ్‌టైమ్, దానిలో నేరుగా ఒక ఫైలు చేరినప్పుడో, పోయినప్పుడో, పేరు మారినప్పుడో మాత్రమే మారుతుంది. లోపలి ఓసీఆర్ పాఠాన్ని ఒకరు అదే ఫైలులో ఈ ఉదయమే దిద్ది ఉన్నా, ఉప ఫోల్డర్‌లో కొత్త పుటలు చేరినా, పై ఫోల్డర్ మాత్రం రెండు నెలల నాటిదిగానే కనబడవచ్చు. ఫైళ్ల ఎమ్‌టైమ్ చూసినా చిక్కే: ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్ ఆదేశపు ఆర్కైవ్ విధానం, షుటిల్‌లోని కాపీ2 పాత సమయాన్ని అలాగే ఉంచుతాయి గనుక, నిన్న తెచ్చిన ఫైలు కూడా ఎప్పటిదో అనిపిస్తుంది. మీ డేటాబేస్‌లో ఆమోదం తేదీ ఉంది కదా, దానినే ఆధారం చేసుకోండి. ఎమ్‌టైమ్‌ను ఒక్క అడ్డుకట్టగా మాత్రం వాడవచ్చు: ఆమోదం తరువాత లోపల ఏ ఫైలైనా మారినట్టు కనబడితే ఆ రాత్రికి ఆ ఫోల్డర్‌ను వదిలేయాలి.

రెండవదానికి కారణం, తొలగించిన ఫైలును ఏదో ఒక ప్రాసెస్ ఇంకా తెరిచి ఉంచడం. లినక్స్‌లో పేరు పోయినా, ఫైలును తెరిచిన చివరి ప్రాసెస్ దానిని మూసేదాకా స్థలం విడుదల కాదు. డీయూ పేర్ల వెంట వెళ్లి లెక్కిస్తుంది, డీఎఫ్ ఫైల్ సిస్టమ్‌నే అడుగుతుంది, అందుకే రెండు అంకెలు కలవవు. ఎల్ఎస్‌ఓఎఫ్ ఆదేశాన్ని ప్లస్ గుర్తు, పెద్ద ఎల్, ఒకటి అనే ఐచ్ఛికంతో నడిపితే, పేరు లేకుండా మిగిలిన తెరిచిన ఫైళ్లూ, వాటిని పట్టుకున్న ప్రాసెస్‌లూ కనబడతాయి. మీ విషయంలో లాగ్ ఫైలును తెరిచి ఉంచిన ఓసీఆర్ ప్రాసెస్ అయి ఉండే అవకాశం ఎక్కువ. దానిని పునఃప్రారంభిస్తే స్థలం వెంటనే ఖాళీ అవుతుంది. అలా తేలితే మాత్రం, ఆ సంచిక మీద పని ముగియకముందే ఫోల్డర్ తొలగిందేమో ఒకసారి డేటాబేస్‌లో సరిచూడండి.